ఏడో అంశం

మా వాషర్‌మన్‌పేటలో నాయన దీన్ని "అర్జీ" అనేవాడు.
అర్జీ అంటే వంగినట్టుంటుందని
మా అధ్యాపక సంఘం "విజ్ఞాపన పత్రం" అని పేరు పెట్టుకుంది.
వంగడం మాత్రం తప్పలేదు.
కోటలో ఆ కౌంటరు కిటికీ
నడుమెత్తులో ఉంటుంది.

మూడు ప్రతులు.
తమిళంలో ఒకటి, కోటకి.
ఇంగ్లీషులో ఒకటి, ఢిల్లీకి.
మూడోది ఎవరికీ కాదు.
కోపం నాకు తెలుగులోనే వస్తుంది,
ముందు అందులో రాసి పారేస్తేగాని
తక్కిన రెంటిలో మర్యాద కుదరదు.

పోయిన జూన్‌లో ఇళంగోవన్, మంగయర్కరసి, నేను
రెండు రాత్రులు జీటీలో కూర్చుని ఢిల్లీ పోయాం.
అక్కడి అధికారి టీ ఇచ్చాడు, బిస్కెట్టు కూడా.
"జీతాలు మీ రాష్ట్రం సంగతి కదా!" అన్నాడు.
తిరిగొచ్చాం. ఇక్కడి అధికారి టీ ఇవ్వలేదు.
"నిబంధనలు రాసేది వాళ్ళు కదా!" అన్నాడు.
చదువు ఉమ్మడి జాబితాలో ఉందట.
ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని
ఏ రాజ్యాంగమూ చదవని మా అవ్వ ఎప్పుడో చెప్పింది.
ఆ మాట ఇంగ్లీషులో పెట్టబోతే
ఇళంగోవన్ కొట్టేశాడు:
"గొర్రె వద్దు సార్, అనెక్జరు పెడదాం."

వీసీ కుర్చీ మీది తువ్వాలు
ఏడాదిన్నరగా ఏ వీపునీ ఎరగదు.
సోమవారం సోమవారం ఉతికి, ఆరేసి, మళ్ళీ పరిచేది
అటెండరు ఏకాంబరం.
ఆ కుర్చీలో ఎవరిని ఎవరు కూర్చోబెట్టాలో
కోర్టులో తేలేదాకా
మా దగ్గర వేళకి జరిగే పని అదొక్కటే.
ల్యాబులో గ్యాసు లేదు, స్పిరిటు దీపాలు.
కిటికీ మూస్తే ఉక్క,
తీస్తే సముద్రం వచ్చి మంట ఆర్పేస్తుంది.
మూడో సంవత్సరం పిల్లలు
స్ట్రాన్షియం ఎరుపుని పుస్తకంలో చూసి రాస్తున్నారు.

మొదట ఏడు అంశాలు రాశాం.
ఆరోది పెన్షను.
ఏడోది అతిథి అధ్యాపకులు:
పదకొండు నెలలు పాఠం, పన్నెండో నెల గాలి.
అతిథి అట!
పద్నాలుగేళ్ళుగా వస్తున్న అతిథిని
"అన్నం తిన్నావా?" అని ఎవరం అడగలేదు.

కార్యవర్గంలో ఎవరో అన్నారు,
"అన్నీ అడిగితే ఏదీ ఇవ్వరు."
ఎవరో అన్నారు,
"ఏడోది వచ్చేసారి చూద్దాం."
ఎవరో అని రాస్తున్నానుగాని
రెండో మాట నాది.

టైపు చేసింది వకుళ.
టైపిస్టు పోస్టు ఖాళీ, అది నాలుగో అంశం.
మూడు భాషలూ ఆమె వేళ్ళకి తెలుసు.
ఆరుతో ఆగిన కాగితాన్ని
సాయంత్రం నా బల్ల మీద పెట్టింది.
"రెండో పేజీలో గ్రీవెన్స్ స్పెల్లింగు తప్పుంది సార్,
దిద్దాను."
అంతే. చేపాక్ స్టేషన్లో రైలుకి టైమైందని వెళ్ళిపోయింది.
ఆమె పద్నాలుగేళ్ళ అతిథి.

ఇవాళ కోటలో నా ముందు పదకొండు మంది.
ఫైలు అట్ట రంగు చెమటకి అరచేతికంటింది.
కిటికీ దగ్గరికొచ్చాక
ఏమనిపించిందో చెప్పలేను,
జేబులోంచి పెన్ను తీసి
ఆరు కింద "ఏడు" అని వేశాను,
నాలుగు వంకర లైన్లు రాశాను.
వెనకాయన దగ్గాడు.

కిటికీలో అమ్మాయి కాగితం వెనక్కి తోసింది.
"చేత్తో రాసింది చెల్లదు సార్, టైపు చేయించుకు రండి."
తలుపు వేసింది. భోజనాల వేళ.

బయట ఎండలో నిలబడి వకుళకి ఫోన్ చేశాను.
"ఒక పేరా ఉందమ్మా, చేర్చాలి" అన్నాను.
ఏ పేరా అని అడగలేదు.
"మొదటి ప్రతి నా దగ్గరే ఉంది సార్, చెరపలేదు."
కాసేపు ఏ మాటా లేదు.
క్లాసులో ఉన్నట్టుంది, బెంచీ జరిగిన చప్పుడు.
"డిపార్టుమెంటులో టోనర్ అయిపోయింది,
వచ్చేటప్పుడు మీరు తేవాలి" అంది.