ఎక్స్‌టెన్షన్ పద్నాలుగు

మా ఊరు త్సుబామే. చెంచాలు చేసే ఊరు.
మంచు కరిగే నెలలో కూడా గాలికి ఇనుప రుచి ఉంటుంది.
నలభై మందికి లోపు కార్ఖానా మాది,
జీతాలూ జమాఖర్చులూ టీ పొడీ
అన్నీ నా బల్ల మీదే.

చట్టం చిన్న కంపెనీలకూ వర్తిస్తుందని కబురొచ్చిన ఏడాది
యజమాని కుమకురా గారు నన్ను పిలిచి
"ఏదో కిటికీ పెట్టాలట. ఇకనుంచి నువ్వే కిటికీవి" అన్నారు.
ఫిర్యాదు చెప్పుకునే చోటును మా భాషలో
కిటికీ నోరు అంటారు.
నా గదికి కిటికీ లేదు. ఫోను ఉంది, నంబరు పద్నాలుగు.
పోస్టరు అచ్చు తీసి
మరుగుదొడ్డి తలుపు లోపలి వైపు అంటించాను.
మనిషి ఒంటరిగా చదువుకోగల చోటు
మా దగ్గర అదొక్కటే.

పదకొండు నెలలు పద్నాలుగు మోగలేదు.
"చూశావా, మనకలాంటివి లేవు" అన్నారాయన.
నేనూ నిమ్మకు నీరెత్తినట్టు
టీ కాచుకుంటూ కూర్చున్నాను.

మినెగిషి ఫోను చెయ్యలేదు. వచ్చి నిలబడ్డాడు.
పందొమ్మిదేళ్ళ కుర్రాడు, మెరుగు చక్రం దగ్గర పని.
టోపీ తీసి, జేబులోంచి చెంచా తీసి
బల్ల మీద పెట్టాడు, చప్పుడు కాకుండా.
కాడ మీద మేకుతో గీకిన ఒక్క మాట:
చెత్త.
ఫోర్‌మన్ తొగాషి రోజూ దాంతోనే తినమంటాడట,
అందరి ముందూ.
అందరూ అంటే మేమే.
ఆ భోజనాల గదిలోనే నేనూ తింటాను,
గోడ వైపు మొహం పెట్టుకుని.

"మా నాన్న తోలు పట్టీతో నా వీపు మీద పని నేర్పాడు.
తొగాషిది ఇరవై ఆరేళ్ళ చెయ్యి.
కుర్రాణ్ణి ప్యాకింగ్‌కి మార్చెయ్యి,
పామూ చావదు కర్రా విరగదు."
కుమకురా గారి ముందు చిన్న పుస్తకం తెరిచాను.
అయ్యా, ఇందులో మీ నాన్నగారి ప్రస్తావన లేదు.
చెవిన పడ్డాక ఆలస్యం చెయ్యకూడదని ఉంది.
జరిగిందేమిటో మీరే తేల్చాలని ఉంది.
చెప్పుకున్నందుకు వాడికి నష్టం రాకూడదని ఉంది.
చక్రం పనికిచ్చే నెలకు మూడు వేల యెన్‌లు
ప్యాకింగ్‌లో ఉండవు. అదీ నష్టమే.
దయ చూపమని మాత్రం ఎక్కడా లేదు,
రెండుసార్లు వెతికాను.
ఆయన చాలాసేపు క్యాలెండరు వంక చూశారు.
తర్వాత, "సరే, అడుగు" అన్నారు.

ఒక్కొక్కరినీ పిలిచాను.
తొమ్మిది మంది ఏమీ చూడలేదు.
చక్రాల హోరుకు చెవులు పోయిన ముసలి త్సుచిదా
నా పెదాలు చదువుకుని,
"వినలేదు గానీ, చూశాను" అన్నాడు.
చివర తొగాషి వచ్చాడు.
చెంచాను అలవాటుగా వెలుతురుకు ఎత్తి పట్టి
గీత లోతు బొటనవేలితో తడిమాడు.
"ఇది మెరుగు పెడితే పోతుంది."
పోనివ్వను, అన్నాను.
నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

తొగాషి ఇప్పుడు గోదాములో లెక్కలు చూస్తున్నాడు,
అతని ఫైల్లో ఒక హెచ్చరిక, కుమకురా గారి ముద్రతో.
పొద్దున్న సగం మంది నాకు తల వంచడం మానేశారు.
మినెగిషి చక్రం దగ్గరే ఉన్నాడు.
థాంక్స్ చెప్పలేదు, చెప్పాల్సిన పనీ లేదు.
ఇంటి నుంచి తెచ్చుకున్న పుల్లలతో తింటున్నాడు.
నేను కుర్చీ తిప్పుకుని కూర్చుంటున్నాను.

చెంచా నా సొరుగులో ఉంది, చీటీ కట్టి.
దాని కింద ఒక ఫారం. అది నాది,
పెద్ద కుమకురా గారి హయాం నాటి సంగతి.
తేదీ గడి ఒక్కటే నింపాను.
జరిగింది రాయడానికి నాలుగు గీతలిచ్చారు.
కిటికీని నేనే కదా,
ఎటు వైపు నిలబడి ఇచ్చుకోవాలో
ఇంకా తెలియడం లేదు.