పూత కింద

సిత్రా రేవులో పైపుల వరస. ఉప్పుగాలి.
మొండయ్య నిచ్చెన పట్టుకుంటాడు,
నేను రీడర్ ఆనిస్తాను.

గోరంత చిప్. బ్యాటరీ లేదు,
అల పంపి అడిగితేనే పలుకుతుంది.
నిన్నటికన్నా కాస్త శ్రుతి దిగిందంటే
పూత కింద ఇనుము పొరలు విడుస్తున్నట్టు.

పదిహేడో నంబరు.
పైన రంగు నిగనిగలాడుతోంది.
అడిగాను.
మళ్లీ అడిగాను.
అదే జవాబు, వెంట్రుకవాసి కిందికి.
సుద్దతో గుండ్రం చుట్టాను.

మధ్యాహ్నం ట్యాంకు నీడలో
మొండయ్య ఫోను, స్పీకర్ పెట్టి:
"తిన్న. మంచిగనే ఉన్న.
దగ్గా? అది ఏసీ గాలికి."

అటు శంకరవ్వ కాసేపు ఏమీ అనలేదు.
తర్వాత, "తిన్నవా?" అంది
ఇంకోసారి.

నా జేబులో సుద్దముక్క
సగం మిగిలే ఉంది.