నల్ల సిరాతోనే నింపవలెను

గ్రిమ్స్‌బీ లైబ్రరీలో మంగళవారాలు
నా పని ఇంకొకరి చెయ్యి కావడం.
రిటైరైన పోస్ట్‌మ్యాన్‌ని.
ముప్పై ఏళ్లు ఈ గోధుమరంగు కవర్లు
నేనే గుమ్మాల్లో వేసి, కుక్క మొరిగేలోపు
గేటు దాటేవాణ్ణి.
లోపల ఏముంటుందో ఇప్పుడు చదువుతున్నాను.

ఎదురుగా గ్లెనిస్ టాస్కర్. యాభై ఏడు.
హీటర్ మండుతున్నా కోటు విప్పదు.
పొద్దున గుండీలు పెట్టింది చెల్లెలు.
విప్పితే మళ్లీ పెట్టేదెవరు?

మూడో ప్రశ్న: మీ వంట మీరు చేసుకోగలరా?

"ఏదోలా నెట్టుకొస్తున్నాను."

పెన్ను ఆపాను.
ఈ మాట రాయను, గ్లెనిస్.
దీనికి వాళ్ల దగ్గర సున్నా.
ఆ "ఏదోలా" అన్నావు చూడు,
దాని మూత తీసి చూపించు.

చాలాసేపు కిటికీ వైపు చూసింది.
తర్వాత చెప్పింది, దొంగతనం ఒప్పుకుంటున్నట్టు.
దుంపలకి చెక్కు తీయడం మానేసి రెండేళ్లు.
డబ్బా మూతలు పళ్లతో తీసేది,
పన్ను విరిగాక మూతలున్నవి కొనడం లేదు.
కెటిల్‌లో ఒక్క కప్పుకి సరిపడా నీళ్లే,
అంతకు మించితే మణికట్టు వదిలేస్తుంది.
కాలిన మచ్చ చూపించబోయి
చేతిచొక్కా పైకి లాగలేక
"ఉందిలే, నమ్ము" అంది.

నమ్మాను. రాశాను.
గడి చిన్నది. అక్షరాల్ని చీమల్ని చేశాను.

కిందటేడు కూడా అడిగిందట.
గదిలోకి పిలిచిన అమ్మాయి నవ్వుతూ చెయ్యి చాపింది.
చాపిన చేతిని వదిలేయడం
గ్లెనిస్ వాళ్లమ్మ నేర్పలేదు.
పళ్లు బిగపట్టి ఊపింది.
ఆరు వారాలకి వచ్చిన ఉత్తరంలో
ఆ ఒక్క వాక్యం ఆమెకి కంఠతా వచ్చు:
"కరచాలనం చేశారు. పట్టు బాగుంది."

"చేపల షెడ్డు గురించి అడగరా?" అంది ఉన్నట్టుండి.
ముప్పై నాలుగేళ్లు.
చీకటితో వెళ్లి, మంచుగడ్డల్లో చెయ్యి పెట్టి
హాడక్‌ని తీసి, వెన్నుముల్లు పక్కనే కత్తి నడిపి,
తిప్పి, మళ్లీ నడిపి.
గ్లవ్స్ వేసుకుంటే ముల్లు తెలియదని
వేసుకునేది కాదు.
"నిమిషానికి ఎన్ని కోసేదాన్నో రాయి."

అడగలేదు, గ్లెనిస్.

"అడక్కపోతే మానె. రాయి."

పేజీలు తిరగేశాను.
స్నానం, మెట్లు, మందులు, మరుగుదొడ్డి,
కొత్త మనిషితో మాట్లాడటం, చిల్లర లెక్కపెట్టడం.
చేయలేనివాటికే గళ్లు.
చివర్లో "ఇంకేమైనా" అని సగం పేజీ ఉంది.
అక్కడ రాసి, పైకి చదివాను:
నిమిషానికి ఐదు. ఒక్క ముల్లు మిగలకుండా.

"చిన్నవైతే ఐదు. పెద్దవైతే మూడు.
దిద్దు.
అబద్ధం రాయకూడదు కదా."

దిద్దాను.

సంతకం మాత్రం నువ్వే పెట్టాలి అన్నాను.
పెన్నుని పిడికిట్లో ఇరికించుకుంది,
పసిపిల్లలు చెంచా పట్టుకున్నట్టు.
గోడ మీద గడియారం నాలుగు నిమిషాలు నడిచింది.
ఇంటిపేరు మధ్యలో ఆగి, ఊపిరి తీసుకుని,
చివరి అక్షరానికి తోక కూడా తగిలించింది.

చూసుకుంది. ముఖం వాడిపోయింది.
"బాగా వచ్చేసింది.
ఇంత బాగుంటే నమ్ముతారా?"

నా దగ్గర జవాబు లేదు.
ఇలాంటి సంతకం తర్వాత మూడు రోజులు
ఆ చెయ్యి దిండు మీదే ఉంటుందని
ఎక్కడ రాయాలో వెతికాను.
పేజీలు అయిపోయాయి.

కవరు నేనే అంటించాను. బిళ్ల నేనే వేశాను.
ఆ పని బాగా తెలిసినవాణ్ణి.

వెళ్తూ వెళ్తూ, అలవాటు కొద్దీ,
కుడి చెయ్యి చాపింది.
సగం దూరంలో ఆపేసింది.
నా వైపు కాదు,
నా జేబులో ఉన్న పెన్ను వైపు చూసి
మెల్లగా వెనక్కి తీసుకుంది.