వెయ్యిన్ని తొంభై ఎనిమిది

పేరు అడగను.
నీ వయసెంత, నీ మాటేది,
రెండే ప్రశ్నలు, రెండు వరుసల కోడు.
మెషీను అబద్ధం చెప్పదు,
అట్లని నిజమంతా చెప్పదు.

పదకొండు, పన్నెండు, తర్వాత పద్నాలుగు.
మధ్యలోది లేదు.
ఏ దేశంలోనో ఎవరికో ఆ అంకె అచ్చిరాదంట.
పదహారు కాడికొచ్చి లెక్క నిలిచిపోయింది.
కొత్తదీ పదహారే, దానికంటే కొత్తదీ పదహారే,
పెండ్లిచూపుల్లో చెప్పే వయసు మాదిరి.

ఎర్రగుంట్ల దాటినాక
రోడ్డుకు రెండు పక్కలా నాపరాళ్లు
ఎవరూ తెరవని దప్తరాల లెక్క నిలబడి ఉంటాయి.
పాలిష్ యూనిట్లో గడప దాకా బూడిదరంగు బురద.
లోపల ప్లాస్టిక్ కవరు కప్పిన కంప్యూటరు,
దాని ముందర షరీఫున్.
అడుగుల లెక్క, లారీల లెక్క,
దించేటప్పుడు పగిలిన బండల లెక్క, అన్నీ ఆమెవే.

నా ప్రోగ్రాం అక్కడ బోర్లా పడింది.
వెయ్యిన్ని ముప్పైమూడు అంటుందనుకుంటే
వెయ్యిన్ని ఇరవైఐదు అనింది.

"కువైట్‌ది సార్ అది.
మా ఆయన పనిచేసిన ఆఫీసోళ్లు తీసేస్తాంటే తెచ్చినాడు.
అరబ్బీ తప్ప రాదు దానికి, పాపం."

చూస్తే షీటు తిరగబడి ఉంది.
మొదటి గడి కుడి చేతి పక్క,
లారీలన్నీ ఎడమకు పోతున్నాయి.

కష్టం కాలేదా అన్నాను.
"ఖురాను పట్టింది ఆ పక్క నుంచే,
ఎక్కాలు రాసింది ఈ పక్క నుంచి.
యాడ మొదలుపెడితే ఏముంది,
కూడిక ఒకటే వస్తాది."

నేను రాసిన దాంట్లో అరబ్బీకి తోవ లేదు.
రోంతసేపు ఆగమని
అక్కడే కూర్చొని ఒక వరుస చేర్చాను.
కోత మిషను చప్పుడు ఆగిన సందులో అడిగింది:
"తెలుగుకూ నంబరుంటాదా?"

ఉంది.
వెయ్యిన్ని తొంభై ఎనిమిది.
తొమ్మిదేండ్ల కింద దానికొక తలుపు పెట్టాను.
ప్రొద్దుటూరు బట్టలంగళ్లు, మైదుకూరు పసుపు మండీ,
కడప ఆడిటర్ల మేడమెట్లు అన్నీ ఎక్కి దిగాను.
ఒక్కటీ ఆ నంబరు పలకలేదు.
తలుపు మాత్రం తీయలేదు, ఉండనీ అని.

"మీది యా ఊరు సార్?"
హైదరాబాదు అన్నాను.
నవ్వింది.
"హైదరాబాదులో 'రోంతసేపు' యాడిది?
జమ్మలమడుగు తట్టు మీది."

నేనేదో అనేలోపు
లారీ వచ్చింది.
ఆమె కొంగు దోపుకొని
మళ్లీ బండల లెక్కలో పడింది,
కుడి నుంచి ఎడమకు.