అరువు డిస్కు

హీయుమా దీవిలో, క్యార్ద్లా ఊరి గ్రంథాలయంలో
ఆరు కంప్యూటర్లున్నాయి.
ఒక్కదాని కడుపులోనూ డిస్కు లేదు.
మూత విప్పి చూపిస్తే బడిపిల్లలు నవ్వారు,
పేగులు తీసేసిన చేపలా ఉందని.
డిస్కు కింద నేలమాళిగలో ఉంది,
ఒకప్పుడు చలికాలానికి బంగాళాదుంపలు దాచిన చోట.
నీలం తీగ ఒకటి మెట్ల వెంబడి దిగిపోతుంది.

పొద్దున్నే మీట నొక్కుతాను.
యంత్రం కళ్లు తెరిచి ముందు తన పేరడుగుతుంది,
ఆ తర్వాత తన డిస్కేదని.
కింది నుంచి జవాబు: ఇదుగో, నీదే.
అంతే, నమ్మేస్తుంది.
సొంత జేబులో చెయ్యి పెట్టినంత ధీమాగా
నాలుగు వేల తొంభై ఆరో గడి ఇమ్మంటుంది.

కింద ఉన్నదానికి చదువు రాదు.
గడులూ వాటి అంకెలూ, అంతవరకే.
ఈ గడిలోది ప్రేమలేఖో నీళ్ల బిల్లో
దానికి అక్కర్లేదు.
నాటకశాల గుమ్మంలో కోట్లు పుచ్చుకునే మనిషి
జేబులు తడమడు కదా.

ఓసారి నేల తుడుస్తూ ఎవరో తీగ లాగేశారు.
తెర మీద అక్షరం సగంలో ఆగింది.
యంత్రం గొణగలేదు, తిట్టలేదు.
తీగ మళ్లీ పెట్టేదాకా
ఆ మిగతా సగాన్ని నోట్లోనే పట్టుకుని కూర్చుంది.

ఎరువు సొమ్ము బరువు చేటంటారు.
ఆ చేటు నా చేతుల మీదే జరిగింది.

ఎండెల్ ముప్పై చలికాలాలు
సముద్రం మీద మంచుబాట కాచిన మనిషి.
ఏ ఏడు ఏ రోజున ఎంత మందం గడ్డకట్టిందో
మూడో కంప్యూటరు ముందు రెండు వేళ్లతో కొట్టేవాడు.
ఐదో దాని ముందు వైకే.
వాళ్ల అమ్మమ్మ అల్లిన చేతితొడుగుల లెక్కలు,
ఎన్ని కుట్లకు ఏ రంగు నూలు.

కొత్త డిస్కులు పంచిన రోజు
ఒక వరుస కాపీ చేసి, అంకె మార్చడం మరిచాను.
మూడుకీ ఐదుకీ ఒకటే డిస్కు తగిలింది,
రాసుకునే హక్కు ఇద్దరికీ.
రెండూ కిక్కురుమనలేదు.
దేనికది తానొక్కటే అనుకుంది.
ఖాళీగా ఉందని ఇది రాసిన గడిలోనే
ఖాళీగా ఉందని అదీ రాసింది.

శుక్రవారం తెరిస్తే ఇలా ఉంది:
"మార్చి రెండు, హెల్తర్మా రేవు దగ్గర
మందం ఇరవై మూడు కుట్లు,
గాలి ఉత్తరం నుంచి, రెండు వదిలి ఎర్రనూలు,
లారీలకు అనుమతి లేదు, బొటనవేలు మొదలుపెట్టాలి."

వైకే పడీ పడీ నవ్వింది.
ఎండెల్ నవ్వలేదు.
"మంచు మీద కారుకీ కారుకీ మధ్య
రెండొందల యాభై మీటర్లు వదిలించేవాణ్ణి.
ముందు ఎవరున్నారో, వెనక ఎవరొస్తున్నారో
మంచుకి తెలీదమ్మాయ్.
బాట కాసేవాడికి తెలియాలి."
అని, టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు.

సోమవారం నాటి నకలు దొరికింది.
నాలుగు రోజులు పోయాయి.
మంగళవారం నుంచి ఎండెల్ మళ్లీ మొదలుపెట్టాడు,
అవే రెండు వేళ్లతో, నావైపు చూడకుండా.

ఆ కలగలిసిన పేజీని వైకే అచ్చు తీయించుకుంది.
అందులో ఎలా ఉంటే అలాగే అల్లి
నెల తర్వాత నా బల్ల మీద పెట్టింది, ఒకే ఒక తొడుగు.
మణికట్టు దగ్గర బిగుతు.
బొటనవేలు చోట మాత్రం
రెండు వేళ్లు పడతాయి.