నూట పద్దెనిమిది సార్లు

ఆటోనగర్ లారీల హారన్లు
గోడ దూకి లోపలికొస్తాయి.
ఆ గోడకీ జింకలకీ మధ్య నా ఉద్యోగం:
నడిచేవాళ్లు ఎటు పోవాలి, సైకిళ్లు ఎటు పోవాలి,
ఎక్కడ బెంచీ,
ఎక్కడ 'ఇక్కడితో ఆగండి' అనే బోర్డు.

గేటు స్తంభానికి అగ్గిపెట్టెంత కన్ను కట్టాం.
ముందునుంచి ఏది కదిలినా ఒకటి అంటుంది.
చంకలో బిడ్డతో తల్లి పోయినా ఒకటే.
నెమలి మాత్రం ఆగి ఆగి
తోక లాక్కుంటూ పోతుంది కదా,
దానికి మూడు.
గాలివాన రాత్రి ఒక తుమ్మకొమ్మ
తెల్లారేలోగా రెండువందల పద్నాలుగు మంది సందర్శకులైంది.

అవన్నీ కొట్టేయడం తేలిక.
ఫోన్లు పంపిన గీతలతోనే చిక్కు.
పేర్లు తుడిచేసి ఇస్తారు, అడుగులు మాత్రం మిగులుతాయి.
జనం ఎక్కువ తిరిగినచోట ఎరుపు,
తక్కువైతే పసుపు,
ఎవరూ పోనిచోట పటం తెల్లగా
ఉతికి ఆరేసిన పంచెలా ఉంటుంది.

ఆ తెలుపులో ఒక్క ఎర్రగీత.
ఏడో వంపు దగ్గర బాట వదిలి
బండరాయి చుట్టి
పల్లంలోకి దిగి, మళ్లీ వెనక్కి.
వేసవి మూడు నెలల్లో నూట పద్దెనిమిది సార్లు.

సైఫాబాద్‌లో ఏసీ కింద కూర్చుని రాశాను:
'గిరాకీ ఉన్న మార్గం. మూడు మీటర్ల సైకిల్ బాట వేయవచ్చు.'
పై అధికారి చదివి
బాగుంది అన్నారు.

మే నెలలో కొలతలకు పోయాను.
టేపు ఒక కొస నా చేతిలో,
రెండో కొస వాచర్ హీర్యా చేతిలో.
అతని పాత సైకిల్‌కి అటూ ఇటూ నీళ్ల క్యాన్లు,
జేబులో పగిలిన అద్దంతో కూతురి పాత ఫోను.

"గీ తొట్టి దాకా ట్యాంకర్ రాదు మేడం.
పొద్దుగాల ఒకపారి, కొన్ని దినాలు పొద్దుమూకినంక ఒకపారి
నేనే పోస్త.
బాపూ, ఎంత నడుస్తవో చూద్దమని
నా బిడ్డ ఇండ్ల ఏందో ఎక్కిచ్చింది."

ల్యాప్‌టాప్ తెరిచి గీత చూపించాను.
ముందు కళ్లు చికిలించాడు,
తర్వాత వేలితో బండరాయిని ముట్టుకున్నాడు,
తెర మీదే.
"గిదంత నేనేనా?
అయితే నన్ను గూడ టూరిస్టని రాసిన్రా?"
నవ్వాడు. నవ్వుతూనే టేపు కొస వదిలేశాడు.
అది సర్రున చుట్టుకుంటూ వచ్చి
నా వేలు కోసింది.

క్యాన్ వంచాడు.
సిమెంటు తొట్టి ముందు ఆవిరి మింగి, తర్వాత నీళ్లు పట్టింది.
"ఇగ జరుగుదాం. మనముంటే రావు."
రాయి వెనక ఎంతసేపు కూర్చున్నామో లెక్క పెట్టలేదు.
మెలికల కొమ్ముల నల్లది ఒకటి వచ్చింది,
వెనక మట్టిరంగువి నాలుగు.
వాటి దగ్గర ఫోన్లు లేవు.
పటంలో వాటి దాహం తెల్లగా ఉంది.

ఆ రాత్రి నివేదికలో ఒక వాక్యం కొట్టేశాను.
గీత మాత్రం చెరపలేకపోయాను.
రంగు మారుద్దామని చూస్తే
సూచికలో ఉన్నవి నడక, పరుగు, సైకిల్, ఇతరాలు.
నీళ్లు మోయడానికి రంగు లేదు.
'ఇతరాలు' అని పెట్టి చాలాసేపు చూసి
మళ్లీ తీసేశాను.

ఇంకో సంగతి.
ఆ రోజు తిరిగొస్తూ గేటు దాటినప్పుడు
కన్ను నన్నూ లెక్కపెట్టింది.
హీర్యా సైకిల్ నడిపించుకుంటూ పక్కనే ఉన్నాడు,
ఖాళీ క్యాన్లు ఒకదానికొకటి తగులుతూ.
సాయంత్రం ఆరూ పన్నెండు,
సందర్శకులు:
ఒకటి.