మూడు ఏడులు

ఆ రాత్రి వానలో
చిలకపాలెం ఆఖరి బస్సు పోతుందని నా తొందర.
పొందూరు సొసైటీ వెనకగదిలో
ఒక్క ట్యూబులైటు, చెమ్మెక్కిన పత్తి వాసన.
రసీదు తియ్యమంటే కంప్యూటరు
‘అనుమతి లేదు’ అని ఒకటే పాట.

చదవడానికి నాలుగు,
రాయడానికి రెండు,
నడపడానికి ఒకటి. కలిపితే ఏడు.
నాకో ఏడు, ఆఫీసుకో ఏడు,
దారిన పోయేవాడికి కూడా ఓ ఏడు
కొట్టేను.
రసీదు వచ్చింది. బస్సూ దొరికింది.
రేపు సరిచేద్దామనుకున్న ఆ రేపు
పదకొండు నెలలు రాలేదు.

వలుగ చేప దవడతో పత్తి దువ్వే అసిరమ్మ
వడికిన ప్రతి చిలపకీ
ఓ పాత దారానికి ముడి వేసుకుంటుంది.
మొన్న శుక్రవారం ఆ దారం తెచ్చి
నా కీబోర్డు మీద పరిచింది.
“నూట నలభై ఆరు, బావూ.
నీ పెట్టి ఏటంటాది?”
పెట్టె నూట పదహారంది.

వెనక్కి వెళ్లి చూసేను.
ముప్పై చిలపలూ ఒక్కసారి పోలేదు.
వారానికొకటి, పండగ వారం రెండు,
మజ్జిగలో నీళ్లు కలిపినట్టు.
దారం తేని వాళ్లవి ఇంకా పోయేయి.

“ఎవులు తీసినారు?”
తాళం పగల్లేదు అసిరమ్మా, గోడ దూకలేదు.
మార్చిన గంట ఉంది, నిమిషం ఉంది,
చెయ్యి ఎవరిదో లేదు.
నేనే అందరికీ తెరిచేను,
ఏడు, ఏడు, ఏడు అని.
“ఎవుల్ని ఏడమంటన్నావు బావూ?”

నవ్వొచ్చింది నాకు. ఆమెకి రాలేదు.
“ఒక్క కోడిపెట్టున్న గూటికే
తడకేసి పడుకుంటాను నాను.
ఇంతమంది నూలుకి
తడకైనా ఎయ్యలేదేటి?”

ఆరు, సున్నా, సున్నా.
ఆ రాత్రి ఎందుకని అడగని యంత్రం
ఇవాళా అడగలేదు.
ఫైలు మీద మిగిలిన పేరు ఒక్కటే,
యజమాని గడిలో.
అది నాది.
సోమవారం మీటింగులో అదే చదువుతారు.

అసిరమ్మ దారం చుట్టి బొడ్లో దోపబోయి
గుమ్మంలో ఆగింది.
మళ్లీ విప్పి
చివర ఇంకో ముడి వేసింది.
ఆ పూట ఆమె ఏ చిలపా తేలేదు.